ఖల్ఫాన్ బండికి అయిదు జబ్బులు

బుధవారం పొద్దున ఖల్ఫాన్ చేతిలో ఉన్నవి ఇవీ: పద్దెనిమిదేళ్ల పికప్పు, అడిగి తెచ్చుకున్న స్కానరు, బండి జబ్బులంటూ అది చూపించిన అయిదు కోడ్లు, సాయంత్రం దాకా గడువు. సాయంత్రానికి వంజరం చేపలు ఐసులో పెట్టుకుని బయల్దేరితేనే గురువారం సినావ్ సంతకు అందుతాడు. బండి దారిలో ఆగిపోయి ఇప్పటికే రెండు సంతలు తప్పాయి. మూడోదీ తప్పితే అక్కడ అతని చోటు బావమరిది ముసల్లంది అవుతుంది.

ముసల్లం ఆ మాట దాచలేదు. ఐసుపెట్టె మీద కూర్చుని ఖర్జూరపు గింజ ఉమ్మి, "బావా, ఈ తుక్కు నాకిచ్చెయ్. నా లారీలో నీ చేపలూ వస్తాయి, నువ్వూ వస్తావు. ముందు సీట్లోనే కూర్చోబెడతాలే" అన్నాడు.

"మీ అక్కని చేసుకున్నాను గానీ, నీ దగ్గర కూలికి కుదరలేదురా."

ఇంజిన్ హెచ్చరిక లైటు వెలిగి నెలయింది. గాలిని కొలిచే సెన్సార్, వేడిని చెప్పేది, యాక్సిలరేటర్ దగ్గరిది, పొగగొట్టంలోది, ఆపైన వోల్టేజి తక్కువంటూ ఇంకో కోడు. మెకానిక్ మాట విని మొదటి రెండు సెన్సార్లూ మార్పించాడు. కొత్తవాటి మీదా అవే కోడ్లు వచ్చాయి.

ఖల్ఫాన్ ఇరవయ్యేళ్లుగా చేపల బేరం చేస్తున్నవాడు. అయిదు పడవలు ఒకే రోజు ఖాళీగా తిరిగొస్తే అయిదు వలలూ చిరిగాయని అతను అనుకోడు, నీళ్లలో ఏం జరిగిందని అడుగుతాడు. మరి ఈ అయిదింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి?

కోడ్లన్నీ చెరిపేసి ఇంజిన్ ఆన్ చేశాడు. పది నిమిషాలు చూశాడు. ఒక్కటీ రాలేదు. హెడ్‌లైట్లు, ఏసీ వేశాడు. రెండు నిమిషాల్లో మూడు కోడ్లు తిరిగొచ్చాయి. అంటే గొడవ కరెంటుది. బ్యాటరీ చూశాడు, బాగానే ఉంది. వోల్టుమీటరు వైరు ఒకటి బ్యాటరీ నెగటివ్‌కీ రెండోది ఇంజిన్ ఇనుముకీ ఆనించాడు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె ఒక వోల్టు దాటింది.

"కరెంటు పోతోంది గానీ తిరిగొచ్చే దారి మూసుకుపోయిందిరా. ఎర్త్ వైరు చూడాలి."

"నేను చూశాను బావా. పెళ్లికొడుకులా మెరుస్తోంది."

ఖల్ఫాన్ వంగి చూశాడు. నిజమే. చుట్టూ ఇనుమంతా ఉప్పు పట్టి తెల్లబడి ఉంటే ఆ వైరు బిగించిన బోల్టు మాత్రం నిగనిగలాడుతోంది. ఎందుకు? వేలితో రాసి వాసన చూశాడు. మొహం మాడిపోయింది.

పోయిన నెల ఈ బండితోనే పడవని సముద్రంలోంచి ఇసుక మీదికి లాగాడు. ఉప్పునీళ్లు బానెట్ దాకా ఎగిరాయి. తుప్పు పడుతుందని, పడవ చెక్కలకు పూసినట్టే, చేతికందిన బోల్టులన్నీ విప్పి సొరచేప నూనె పూసి బిగించాడు. ఆరితే ఆ నూనె పొరలా గట్టిపడుతుంది. పడవలోకి నీళ్లు రావు. ఇక్కడ కరెంటు రాలేదు. ఆ మాటే పైకి అన్నాడు.

"బండికి పడవపూత వేశావా!" ముసల్లం పెట్టె మీంచి జారిపోయేలా నవ్వాడు. "తెరచాప కూడా కట్టు బావా, సినావ్ దాకా గాలివాటంగా పోదువు!"

"నవ్వు నవ్వు. ఆ ఉప్పుకాగితం ఇలా ఇచ్చి మరీ నవ్వు."

బోల్టు విప్పి, వైరు కొసనీ దాని కింది ఇనుమునీ తెల్లటి లోహం కనబడేదాకా రుద్దాడు. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే రెండో వైరునీ వదల్లేదు. బిగించాక, పైపైన మాత్రమే గ్రీజు రాశాడు. మీటరు సున్నా దగ్గరికి దిగింది. కోడ్లు మళ్లీ చెరిపి, లైట్లూ ఏసీ వేసుకుని ఉప్పునేల మీదుగా రేవు దాకా వెళ్లొచ్చాడు. బండి ఎక్కడా మొరాయించలేదు. పొగగొట్టం సెన్సార్ కోడు ఒక్కటి మాత్రం తిరిగొచ్చింది.

"లైటు వెలుగుతూనే ఉందిగా" అన్నాడు ముసల్లం.

"ఉండనీ. ఆ సెన్సార్ నిజంగానే ముసలిదైపోయింది. బండి కాస్త పెట్రోలు ఎక్కువ తాగుతుందంతే, దారిలో ఆగదు. ఎందుకు వెలుగుతోందో తెలియకే ఇన్నాళ్లూ భయపడ్డాను."

గురువారం మధ్యాహ్నానికి సినావ్ సంతలో వంజరాలన్నీ అమ్ముడైపోయాయి. ఖల్ఫాన్ లెక్క చూసుకున్నాడు. పోయినవి రెండు సంతలు, అక్కర్లేకుండా కొన్న రెండు సెన్సార్లు. అయిదు కోడ్లలో తీరినవి నాలుగు, తీరాల్సింది ఒకటి. దక్కినవి సంతలో తన చోటు, తన బండిలో స్టీరింగు వెనక సీటు.