ముట్టని ఫైలు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాగితాలన్నీ ఆఫీసంతా వాడే కంప్యూటర్‌ సైటులోకి ఎక్కించి, పాతవి తగలబెట్టారు. ఉంచాలని గుర్తు పెట్టని ఫైలు మూడేళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. గుర్తులు పెట్టే పని రికార్డు గుమాస్తా ఓబయ్యది. అందరి సర్వీసు ఫైళ్లకూ పెట్టాడు. తన ఫైలు తాను ముట్టకూడదన్నది ఇరవై ఆరేళ్లుగా ఆయన నియమం. దాన్ని మేనేజరు సునీల్‌కుమార్‌కు వదిలి, రెండుసార్లు గుర్తుచేశాడు. "సూస్తాంలే" అన్నాడు మేనేజరు.

మూడేళ్ల తర్వాత, రిటైరయ్యే రోజున ఓబయ్య సర్వీసు సర్టిఫికెట్ అడిగాడు. మేనేజరు కంప్యూటర్లో వెతికి పెదవి విరిచాడు.

"నీ పేరుతో ఏమీ లేదబ్బా. నువ్వు ఈడ పనిచేసినట్టు రుజువు యాడుండాది?"

ఓబయ్యకు ఒళ్లు మండింది. "మీ ఫైలుండాదా సార్?"

"నాదెందుకుండదు?"

"ఎందుకుండదు సార్! దానికి గుర్తు పెట్టింది నేనే గదా."