మోకాళ్ళోళ్ళ బోర్డు

మా సంఘానికి రెండు పేర్లు. ఒకటి కాగితం మీద ఉంది, సీయోను కృపా ప్రార్థనా మందిరం. ఇంకొకటి చుట్టుపక్కల ఊళ్ళు పెట్టింది, మోకాళ్ళోళ్ళు. వడమాలపేటలో ఆటో ఎక్కి మొదటి పేరు చెబితే డ్రైవరు బుర్ర గోక్కుంటాడు. రెండోది చెబితే నేరుగా తెచ్చి మా మందిరం ముందు దింపుతాడు. దింపేటప్పుడు నవ్వుతాడు.

ఆ నవ్వు తప్పించుకోవడానికే నేను ఆటోలో మొదటి పేరు చెప్పి, దారి కూడా చెప్పుకుంటూ వచ్చేదాన్ని.

పేరు ఊరికే రాలేదు. మా వాళ్ళలో ఎవరు దూరం ప్రయాణమైనా సంఘమంతా రోడ్డు దాకా వస్తుంది. బస్సు కదలగానే ఎక్కడి వాళ్ళు అక్కడే, తారు అంచున కంకర మీదనే మోకరిస్తారు. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా లేవరు. చదువుకు వెళ్ళినా, పెళ్ళయి వెళ్ళినా, ఆపరేషనుకు వెళ్ళినా ఇంతే. మా తాతల నాటి అలవాటు. బస్సులోని వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తారు. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరులో నేను ఇంటర్ చదివే కాలేజీలో ఒకమ్మాయికి నా సంగతి తెలిసిపోయి, "మీకేం మే, మోకాళ్ళు అరిగితే కట్టు కట్టేవాళ్ళు ఈన్నే ఉండారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి డైరీలో ఆ అమ్మాయి పేరు రాసి కొట్టేశాను.

అమ్మ కువైట్ వెళ్ళి రెండేళ్ళు దాటింది. ఒక ఇంట్లో ముసలామెను చూసుకునే పని. నా డైరీలో ప్రతి పేజీ పైన రెండు టైములు రాస్తాను, మాది, అమ్మది. అమ్మది రెండున్నర గంటలు వెనక. నేను కాలేజీ బస్సు ఎక్కేటప్పటికి అమ్మ ఆ ముసలామెకు మొహం కడుగుతూ ఉంటుంది. అమ్మ నాకు జడ అల్లితే నుదురు లాగేసేది, నొప్పని అరిచేదాన్ని. ఇప్పుడు నేనే అల్లుకుంటాను. సాయంత్రానికి వదులైపోతుంది. ఎవరూ లాగరు.

ఈ వేసవిలో మా రేకుల షెడ్డు తీసేసి స్లాబు వేశారు. గుమ్మం పైన నల్లరాతి బోర్డు పెట్టాలి. రాయి చెక్కే ఆయన అక్షరాలు రాసివ్వమన్నాడు. అక్కడ మొదలైంది గొడవ. కుర్రవాళ్ళు కాగితం మీది పేరు ఉండాలన్నారు. ముసలివాళ్ళు ఊరు పిలిచే పేరు ఉండాలన్నారు. పాస్టరు సుందరరాజు అయ్యగారు ఎవరినీ నొప్పించలేని మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కూర్చుని తేల్చుకోమన్నాడు.

అంతకు ముందు శుక్రవారం అమ్మ ఫోను చేసింది. అమ్మకు తీరిక ఆ ఒక్కరోజే, అదీ ఒక పూటే.

"బోర్డు మింద ఏమని సెక్కిస్తాండారు మే?"

"సీయోను కృపా ప్రార్థనా మందిరం అంటాండారు మా. విజయ్ కుమార్ అన్నోళ్ళంతా అదే అంటాండారు."

అమ్మ అప్పుడు నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పింది.

"నేనీడికొచ్చిన మొదట్లో ప్రార్థనకి పోతే, యాడ సూసినా మనుషులే. తెలుగోళ్ళే. ఒకామె యాడమ్మా మీది అనింది. చిత్తూరు జిల్లా అన్నాను. వడమాలపేట కాడ అన్నాను. ఆమెకి తెలీలా. మన మందిరం పేరు సెప్పినాను. అట్టాంటి పేర్లు ఈడ గోడ గోడకీ ఉండాయి పాపా. ఇంగేం సెప్పాల్నో తెలీక, మోకాళ్ళోళ్ళం అనేసినాను. ఆమె సేతిలో టీ గలాసు కింద పెట్టేసింది. అయ్యో, మా అమ్మోళ్ళది పుత్తూరే, సిన్నప్పుడు బస్సులోంచి మిమ్మల్ని సూసేదాన్ని, ఎవురికోసరమో రోడ్డు మింద మోకాళ్ళేసేటోళ్ళు మీరే కదా అని నన్ను గట్టిగా పట్టుకునింది. నేనొచ్చిన నెలలో నన్ను ముట్టుకునిన మనిషి ఆమె ఒకతే."

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"ఆ పేరు తీసేస్తే నేను యాడిదాన్నని సెప్పుకునేది? ఆదివారం నా మాట నువ్వు సెప్పాల."

"నేనా? నాయన సెప్తాడు కదా మా."

"మీ నాయన సెప్పడు. నువ్వే సెప్పు."

దూరంగా ఉన్నవాళ్ళ మాట వాళ్ళ ఇంటివాళ్ళు లేచి చెప్పడం మా సంఘంలో పద్ధతి. అలా చెప్పిన మాటకు, మనిషి ఎదురుగా ఉండి చెప్పినంత విలువ. మా ఇంటి తరఫున ప్రతి ఆదివారం నాయన లేస్తాడు. "మా ఇంట్లోది బాగుండాది. అందరికీ వందనాలు సెప్పమనింది" అని కూర్చుంటాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పడు.

నాయన కాగితం మీది పేరు వైపు. ఎందుకో నాకు తెలుసు. మామిడికాయల సీజనులో ఆయన గుజ్జు ఫ్యాక్టరీకి పనికి వెళతాడు. ఒకరోజు క్యారియరు ఇవ్వడానికి వెళ్ళి గేటు దగ్గర విన్నాను. "ఏమప్పా ఏబెలూ, పెండ్లాం ఇమానమెక్కి పాయె, నువ్వింకా మోకాళ్ళ మిందే ఉండావా?" అన్నాడొకడు. నాయన కాయల బుట్ట ఎత్తుకుని, విననట్టు వెళ్ళిపోయాడు. నేను క్యారియరు వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చేశాను.

అందుకే శుక్రవారం సాయంత్రం గానీ, శనివారం గానీ నాయనతో ఏమీ చెప్పలేకపోయాను. డైరీలో మాత్రం రాసుకున్నాను: మా అమ్మ ఊరు పిలిచే పేరే ఉంచమంది. నాలుగు సార్లు రాశాను. చదివితే ఆరు సెకన్లు కూడా పట్టదు.

ఆదివారం చాపల మీద ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు కూర్చున్నారు. కొత్త సున్నం వాసన. విజయ్ కుమార్ అన్న ముందు లేచాడు. రేణిగుంట దగ్గర కంపెనీలో పని చేస్తాడు. మంచివాడే, మా పిల్లలందరికీ గిటారు నేర్పించాడు.

"నాకు సంబంధమని చిత్తూరు నుంచి వచ్చినారు. మీరంతా సూసినారు. అంతా బాగా మాట్లాడినారు. బయట ఎవురో మోకాళ్ళోళ్ళ ఇల్లిదేనా అని అడిగినారు. అంతే, ఒకరి మొగం ఒకరు సూసుకునినారు. కాఫీ గూడా తాగలా. ఊరు ఎగతాళికి పెట్టిన పేరును మనమే రాయి మింద సెక్కించుకోవాల్నా?"

సంతోషమ్మ అవ్వ కూర్చున్న చోటు నుంచే అందుకుంది. మా సంఘంలో అందరికంటే పెద్దది ఆమే.

"ఎగతాళికి పెట్టినా అబద్ధం పెట్టలేదు కదరా. మోకాళ్ళ మింద ఉన్నాము, మోకాళ్ళోళ్ళన్నారు. తాగుబోతోళ్ళని అన్లేదే. నీ కాఫీ తాగనోళ్ళ కోసరం నేను పేరు మార్చుకోవాల్నా?"

"నీకేమవ్వా, నీకు పెండ్లయిపోయింది."

"అయ్యి అరవై ఏండ్లు. ఆ మొగుడూ మోకాళ్ళోడే. కాఫీ తాగి, ఇంగో గలాసు గూడా అడిగినాడు."

అందరూ నవ్వారు. విజయ్ కుమార్ అన్న కూడా నవ్వాడు, కానీ వెంటనే తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూస్తే ఆయన చెప్పిందీ నిజమేననిపించింది. ఇంకా ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. ఆ తర్వాత అయ్యగారు, "దూరాన ఉండేవాళ్ళ మాటలుంటే చెప్పండి" అన్నాడు.

నాయన లేచాడు.

"మా ఇంట్లోది..." అని ఆగాడు. "మా ఇంట్లోది ఏదైనా సరే అనింది. మీరెట్టంటే అట్ట."

కూర్చున్నాడు.

అమ్మ ఆయనతో ఏమీ అనలేదు. అయ్యగారు తర్వాతి ఇంటి వైపు తిరుగుతున్నాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే అమ్మ మాట అదే అయిపోతుంది. ఎలా లేచానో నాకు తెలియదు. పక్కనున్న ఒక అక్క నా ఓణీ కొంగు మీద కూర్చుని ఉంది, అది పిన్ను దగ్గర చిరిగిన చప్పుడు విన్నాను.

"అది కాదు" అన్నాను.

"ఏందమ్మా కోమలీ?" అన్నాడు అయ్యగారు.

"మా అమ్మ అట్ట అన్లేదు."

అందరూ తిరిగారు. నాయన తిరగలేదు. నేను చాప మీద ఎరుపు చారను చూస్తూ చెప్పాను. ప్రార్థనకు వెళ్ళింది చెప్పాను, ఆ పుత్తూరు ఆమె సంగతి చెప్పాను, టీ గ్లాసు చెప్పాను. ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతేనన్న మాట కూడా చెప్పాను. అక్కడితో కూర్చోవాల్సింది. డైరీలో రాసుకున్న వాక్యం ఒక్కటి చెప్పి కూర్చోవాల్సింది. కానీ నోరు ఆగలేదు.

"అమ్మ పోయిన రోజు మీరంతా రోడ్డు మింద మోకాళ్ళేసినారు. నేను వెయ్యలా. బస్సులో మా స్కూలు పిల్లోళ్ళు ఉండారని అంగడి ఎనక నిలబడినాను. మీరెవురో నాకు తెలీనట్టు. అమ్మకి ఇంతవరకూ సెప్పలా. ఆ పేరంటే నాకూ సిగ్గే. కానీ అమ్మకి ఆడ అదొకటే ఉండాది."

కూర్చున్నాను. సంతోషమ్మ అవ్వ నా వీపు మీద చెయ్యి వేసింది. బరువుగా ఉంది. తియ్యలేదు.

అయ్యగారు చేతులెత్తమన్నాడు. ఊరు పిలిచే పేరుకు ముసలివాళ్ళ చేతులు లేచాయి, నాది లేచింది, ఇంకో నాలుగైదు. కాగితం మీది పేరుకు మిగతావాళ్ళు దాదాపు అందరూ ఎత్తారు. లెక్క పెట్టాల్సిన పని లేకపోయింది. నాయన రెండుసార్లూ చెయ్యి ఎత్తలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన ముందు, నేను వెనక నడిచాము. సగం దారిలో ఆగి నా కోసం చూశాడు.

"నాకు ముందే సెప్పాల్సింది కదా పాపా."

"సెప్తే లేవనిచ్చేవాడివా నాయనా?"

ఆలోచించాడు. "లేవనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు. మళ్ళీ నడిచాడు, ఈసారి నా పక్కన.

ఈ శుక్రవారం అమ్మ వీడియో కాల్ చేసేసరికి రాయి పైకెక్కేసింది. బంగారు రంగు అక్షరాలు.

"మన పేరు పోయిందా?" అంది అమ్మ.

"పోయింది మా."

"నువ్వు లేచినావా?"

"లేచినాను."

"ఆడ ఏమేమి సెప్పినావో అంతా నాకు సెప్పు. ఒక్క ముక్క ఇడవొద్దు."

చెప్పాను. ఫోనులో అమ్మ ముఖం చిన్నదిగా, వాషింగ్ మెషిన్ గదిలోని గోడకు ఆనుకుని ఉంది. టీ గ్లాసు దాకా వచ్చి ఆగిపోయాను. ఇంకా ఉందని నా ముఖం చూసి అమ్మకు తెలిసిపోయింది. సెప్పు అంది. అంగడి వెనక నిలబడిన సంగతి చెప్పాను.

అమ్మ గోడ నుంచి కొంచెం పక్కకు జరిగింది. సగం ముఖమే కనబడింది.

"నేను సూసినాను లే" అంది. "కిటికీలోంచి అందరూ కనపడినారు, నువ్వే కనపళ్ళా. పాప యాడో దాక్కోని ఏడస్తాండాది అనుకునినాను. ఇమానంలో గూడా అదే అనుకుంటా పోయినాను. ఇన్ని దినాలూ అదే."

నేను ఫోను కొంచెం కిందికి దించాను.

"ఏడవలేదా అయితే?" అంది అమ్మ.

"ఇంటికొచ్చినాక ఏడ్చినాను. నీ చీర కప్పుకోని."

"ఊ."

లోపలి నుంచి ఎవరో అరబీలో పిలిచారు. అమ్మ ఏదో బదులు చెప్పి మళ్ళీ ఫోను వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో.

"వచ్చే ఏడాది నెల దినాలు సెలవిస్తామన్నారు. మళ్ళీ పోయేటప్పుడు నువ్వు ముందర ఉండాల పాపా. నాకు కనపడేట్టుగా."

సరే అనాలి. ఎప్పుడూ సరే అనే అంటాను.

"మళ్ళీ పోవద్దు మా" అన్నాను.

రెండేళ్ళలో ఆ మాట నేను అమ్మతో అనడం అదే మొదటిసారి. అమ్మ ఫోను పెట్టెయ్యలేదు. దాన్ని ఎక్కడో ఆనించి పెట్టినట్టుంది, ఇప్పుడు తెరంతా తెల్ల గోడే కనబడుతోంది. మెషిన్ మూత తీసిన చప్పుడు వినబడింది. తర్వాత తడి బట్టలు ఒక్కొక్కటే దులిపి బుట్టలో వేస్తున్న చప్పుడు. నేను ఆ గోడను చూస్తూ వింటూ కూర్చున్నాను.