ఐదు నిమిషాల తడి

మేస్త్రమ్మ తుడిచిన తలుపు పిడిలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చన్నది ఆ కాలేజీలో అందరూ ఒప్పుకునే మాట. శుభ్రం చేసే పనివాళ్ళు పన్నెండు మందికి ఆవిడే పెద్ద. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ నేర్పిన పద్ధతి ఒకటే. మందు చల్లు, వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్, మెరవాలి. ఎక్కడైనా తడి మరక కనబడిందా, ఆ పూట ఆ మనిషికి మూడినట్టే.

అలాంటి మేస్త్రమ్మ ఆ రోజు ఇస్త్రీ చేసిన యూనిఫాం కోటు వేసుకుని, భోజనాల హాల్లో ముందు వరసలో కూర్చుంది. మాట్లాడబోయేది ఆవిడ కూతురు మరి. మూడు నెలల కిందటే కాలేజీకి నర్సుగా వచ్చింది. కిందటేడు ఫ్లూ వచ్చి హాస్టల్లో సగం మంది మంచమెక్కారు, పరీక్షలు వాయిదా పడ్డాయి. ఈసారి అలా కాకుండా చూసే బాధ్యతంతా ప్రిన్సిపాల్ తెచ్చి ఈ పిల్ల నెత్తిన పెట్టాడు. ఇంకో రెండు వారాల్లో ఫ్లూ కాలం. ఈ పన్నెండు మందీ మాట వింటే సరే, వినకపోతే పోయేది దాని పరువే.

కూతురు టీకాల తేదీలు చెప్పింది. దగ్గొస్తే మోచెయ్యి ఎలా అడ్డం పెట్టుకోవాలో చూపించింది. మేస్త్రమ్మ మాటిమాటికీ వెనక్కి తిరిగి అందరూ వింటున్నారో లేదో చూసింది. కునికిపాట్లు పడుతున్నవాడొకడు కనబడితే కళ్ళతోనే కాల్చేసింది.

"తలుపులు ఎలా శుభ్రం చేస్తారో ఎవరైనా ఒకసారి చూపిస్తారా?" అంది కూతురు.

ఇంకెవరు లేస్తారు? మేస్త్రమ్మే లేచింది. హాలు తలుపు పిడి మీద మందు చల్లి, గుడ్డతో రెండు విసుర్లు విసిరింది. పిడి తళతళలాడింది. "చెయ్యంటే అదీ" అన్నారెవరో.

కూతురు మాత్రం మందు సీసా తిప్పి, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది ఇంకోసారి చదువుకుంది.

"అమ్మా, ఈ మందు ఐదు నిమిషాలు తడిగా ఉండాలి. అప్పుడే క్రిములు చస్తాయి. ఇలా వెంటనే తుడిచేస్తే మెరుస్తుంది గానీ, అవి చావవు."

మేస్త్రమ్మ చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్ళ పనికి ఇంతమంది ముందు వంక పెట్టింది కన్నకూతురు. వెనక వరసలో ఒకడున్నాడు, అందరూ వాగుడుకాయ అంటారు. "మాకు నేర్పింది మేస్త్రమ్మే కదా" అని గొణిగాడు, అందరికీ వినబడేలాగే.

ప్రిన్సిపాల్ మెత్తటి మనిషి. "పోనీలే సిస్టర్, చిన్న విషయం. ఇన్నేళ్ళ అనుభవం, ఆవిడకి తెలీదా" అని సర్దబోయాడు.

"చిన్న విషయం కాదు సార్. కిందటేడు కూడా అన్నీ మెరుస్తూనే ఉన్నాయి." పిల్ల మాట వెనక్కి పోలేదు.

అందరూ మేస్త్రమ్మ మొహమే చూస్తున్నారు. ఆవిడ మూతి ముడుచుకుంటే చాలు, రేపట్నుంచి ఆ పిల్ల మాట ఎవరూ లెక్కచెయ్యరు. అది ఆవిడకీ తెలుసు. కోపమొచ్చింది, సిగ్గేసింది, వాటితో పాటే గుండె కూడా పొంగింది. ప్రిన్సిపాలే తప్పుకోడానికి దారి చూపించినా ఇది తప్పుకోలేదు చూడు, అనుకుంది.

సీసా తీసుకుని పిడి మీద మళ్ళీ మందు చల్లింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిలబడింది. చుక్కలు నేల మీద పడుతుంటే చెయ్యి దురద పెట్టింది. రెండుసార్లు గుడ్డతో ముందుకొచ్చింది కూడా, ఆవిడే చెయ్యి వెనక్కి లాక్కుంది. ఐదు నిమిషాలు అంత పొడుగని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

"చూశారుగా" అంది చివరికి పనివాళ్ళతో. "రేపట్నుంచి ఎవరైనా వెంటనే తుడిచారో, నా చేతిలో అయిపోయారే." తర్వాత కూతురి వైపు తిరిగింది. కాలేజీలో కూడా దాన్ని బుజ్జీ అనే పిలిచే మనిషి, "సిస్టర్ గారూ, ఇంకోటి రాసుకోండి" అంది. "పిల్లల చేతుల్లో పుస్తకాలుంటాయి కదా, పిడి పట్టుకునేవాళ్ళు తక్కువ. అందరూ ఇదిగో, పిడి పైన ఈ చెక్క మీద తోస్తారు. రోజూ ఈ వేలిముద్రలు తుడిచేది నేనే."

కూతురి కాగితంలో పిడులే ఉన్నాయి. గబగబా రాసుకుంది.

బయటికొచ్చాక వాగుడుకాయ ఊరుకుంటాడా. "ఏం మేస్త్రమ్మా, సొంత కూతురే అందరి ముందు తప్పు పట్టేసిందే" అన్నాడు.

"నా తప్పు పట్టేంత దాన్ని చేసింది ఎవరనుకున్నావ్?" అని, మేస్త్రమ్మ బకెట్ అందుకుని లైబ్రరీ వైపు నడిచింది.