ఆశన్న పటేలు ఎంచుకున్న తుపాకి

…అయినా, భద్రత అనేది ఇనుములో ఉంటుందని ఆశన్న పటేలు ఎందుకంత గట్టిగా నమ్మాడో నాకు ఈనాటికీ అంతుపట్టదు. ఇనుమునైన నాకే ఆ నమ్మకం లేదు. నేను ఒక పెద్ద తుపాకిని. అడవిదున్నను నిలబడ్డచోటే కూల్చే తూటా నాది. చలిదేశపు కార్ఖానాలో పుట్టాను. నన్ను ఓడలో తెచ్చుకున్న దొర నాతో ఫోటోలు దిగాడే తప్ప కుందేలును కూడా కొట్టలేదు. పోతూ పోతూ హైదరాబాదులో ఒక దుకాణానికి అమ్మేసి పోయాడు. అక్కడి గాజు అల్మారాలో నిలబడి చాలామంది మగవాళ్ళను చూశాను. నన్ను భుజానికి ఆనించుకోగానే అందరి కళ్ళూ ఎదురుగా ఉన్న అద్దం మీదికి పోయేవి.

ఆశన్న అద్దం చూసుకోలేదు. నిర్మల్ అవతల, అడవి అంచున ఉన్న ఊరికి అతను పోలీసు పటేలు. పశువులతో మొదలుపెట్టి మనుషుల దాకా వచ్చిన పులిని కొట్టమని అతనికి సర్కారు అనుమతి ఇచ్చింది. కానీ అతని భయం పులి గురించి కాదు. ఇంట్లోని పాత తుపాకి బండి మీంచి జారిపడి, దానంతట అదే పేలి, అతని అన్న ముత్తన్న ప్రాణం తీసింది. అందుకని దానంతట అది పేలని తుపాకి కోసం వెతుక్కుంటూ వచ్చాడు.

నేను ఖాళీగా ఉన్నానని చూసుకుని బోల్టు మూశాడు. సేఫ్టీ మీట వేసి ట్రిగ్గరు నొక్కాడు. నా చెక్క మడమను నేలకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ వైద్యుడిలా చెవి ఆనించి విన్నాడు. దుకాణదారు కరీముద్దీన్‌కు విసుగొచ్చింది.

“పటేలా, తుపాకి కొంటున్నవా, పిల్లను చూస్తున్నవా?”

“పిల్లనైతే ఇంతసేపు చూడకపోదును సాబ్. ఇది ఇంట్ల ఉంటే నాకు నిద్ర పట్టాలె.”

“పట్టకుంటే వాపస్ తే. తుపాకినైతే తీస్కుంట. నిద్ర మాత్రం నా దుకాణంల దొరకది.”

ఆ ఇంట్లో నన్ను ఎత్తైన మేకుకు తగిలించారు. ఆశన్న తలుపు మూసుకుని ఒక్కడే నన్ను తుడిచేవాడు. భార్య నర్సుబాయి తలుపు తోసి గుమ్మంలో నిలబడితే, “దాని జోలికి రాకు” అనేవాడు. నా గురించి ఆమెకు దొరికిన చదువంతా ఆ ఒక్క మాటే. ముత్తన్న శవాన్ని ఆమె కూడా చూసింది. ఒకే భయం ఇద్దరిలోనూ కాపురం చేస్తోంది. దాని గురించి ఇద్దరూ ఒక్కనాడూ మాట్లాడుకోగా నేను వినలేదు.

దసరా వచ్చింది. కొడవళ్ళు, గొడ్డళ్ళు, నాగలి కర్రు కడిగి పూజకు పెట్టారు. ఆశన్న నన్నూ దించి దేవుడి ముందు ఆనించి, ఊరివాళ్ళతో జమ్మికి పోయాడు. నర్సుబాయి మొదటిసారి నా దగ్గర ఒంటరిగా కూర్చుంది. బొట్టు పెట్టింది. నల్లగా తెరుచుకున్న నా నోరు ఆమెను కలవరపెట్టినట్టుంది. ఒక గుడ్డపేలికను పసుపులో ముంచి నా గొట్టంలో కుక్కింది. పుల్లతో లోపలికంటా దిగ్గొట్టింది. ఆమె పెదవులు ఏదో మొక్కుకుంటున్నాయి. అంత ప్రేమగా నన్నెవరూ తాకలేదు. అంత ఘోరం కూడా నాకెవరూ చేయలేదు.

ఆశన్న తిరిగొచ్చి, నన్ను కళ్ళకద్దుకుని మేకుకు తగిలించాడు. దుకాణంలో నన్ను అన్ని పరీక్షలు పెట్టిన మనిషి, ఇంట్లో ఒక్కసారైనా గొట్టంలోకి చూడలేదు. మంచిదని ఒకసారి తేల్చుకున్నదాన్ని మనుషులు మళ్ళీ పరీక్షించరు. అది వాళ్ళకు అవమానంలా తోస్తుంది కాబోలు.

పండగ వెళ్ళిన మర్నాడే జొన్నచేను పక్కన దూడ చచ్చిపడి ఉంది. ఆశన్న నన్ను తీసుకుని చేలోని మంచె ఎక్కాడు. మధ్యాహ్నం సద్ది తెచ్చి మంచె ఎక్కిన నర్సుబాయి ఇంకా దిగకముందే జొన్నదంట్లు కదిలాయి. ఎండలో పులి బయటికొచ్చి, దూడ మీదికి వంగింది.

నాలో తూటా ఉంది. తూటాకు ముందు గుడ్డ ఉంది. దారి మూసుకుపోతే నిప్పు వెనక్కి తిరుగుతుంది. ఈ ఉక్కు అరటిబొందలా చీలుతుంది. నా మడమకు ఆనిన అతని చెంప వెచ్చగా ఉంది. ఆ చెంప ఉండదు, ఆ కన్ను ఉండదు. ఇంత తెలిసీ నాకు అరవడానికి గొంతు లేదు. ఉన్న ఒక్క గొంతులోనూ గుడ్డ ఉంది.

సేఫ్టీ మీట తీశాడు. వేలు ట్రిగ్గరు మీదికి వచ్చింది. మీటను అతను మళ్ళీ తడిమి చూసుకోవడం నర్సుబాయి చూసింది. ధైర్యం చెప్పాలనుకుని, అతని చెవి దగ్గర గుసగుసలాడింది.

“గుబులు పడకు. నీకేం కాదు. ఏ చెడు గాలి సొరకుండ దాని నోట్ల పసుపుగుడ్డ కుక్కిన.”

వేలు ఆగిపోయింది.

“ఏడ?”

“గొట్టంల. ఊడిపడొద్దని పుల్లతోని లోపటికంట పొడిచిన.”

వేలిని వెనక్కి తీయడానికి ఆశన్నకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. అది తన వేలు కానట్టు, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు తీశాడు. బోల్టు లాగాడు. తూటా మంచె మీద పడి ఠంగుమంది. పులి తల ఎత్తి మంచె వైపు చూసి, తొందరేమీ లేనట్టు జొన్నల్లోకి వెళ్ళిపోయింది.

“పాయె! చేతికందిన పులి! ఎందుకు కొట్టలే?”

అతను ఒక చేత్తో తన ముఖమంతా తడుముకున్నాడు, కళ్ళూ ముక్కూ ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు. తర్వాత, గొట్టం మూసుకుపోతే ఏమయ్యేదో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వింటూనే నర్సుబాయి రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

“నాకేం ఎరుక?” అంది చివరికి, ఏడుపును కోపంగా మార్చి. “ఎన్నడన్న చెప్పినవా? మేకు కింద ఊడుస్తుంటెనే కసిరితివి. మీ అన్న లెక్క నువ్వు గూడ పోతవేమోనని నా పాణమంత దాని మీదనె ఉండె.”

ఆశన్న నాలో మిగిలిన తూటాలన్నీ తీసి జేబులో వేసుకున్నాడు. జొన్నలు కదలడం లేదు. కాసేపు అటే చూసి, నన్ను రెండు చేతులతో ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టాడు.