బెంచీ మీద నాన్న

అట్టపెట్టెల షెడ్డులో ఉన్నది ఆరుగురే. అందులో కోత మిషను బ్లేడు సరిచేయడం నాన్నకొక్కడికే వచ్చు. గోటితో అంచు తడిమి, ఓసారి తిప్పి చప్పుడు విని, "ఊఁ, ఇప్పుడు కొయ్" అనేవాడు. ఆయన లేని రోజు మిషను నోరు మూసుకునేది.

ఈమధ్య నాన్న రోజూ లైసెన్సు ఆఫీసులోనే. ఈ ఏటి లైసెన్సు కాగితం రాకపోతే షెడ్డుకు తాళమే. ఇటు చెప్పుల షావుకారు గురువారానికి పెట్టెలు కావాలని మెడ మీద కూర్చున్నాడు. షెడ్డుకు ఉన్న పెద్ద బేరం ఆయనొక్కడే.

జిగురు పూసే పెద్దకూతురు క్యారేజీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. వరండా బెంచీ మీద నాన్న, పక్కన ఇస్త్రీ చొక్కాలో, ఇవే పెట్టెలు చేసే పెద్ద కంపెనీ మనిషి.

"ఏమ్మా, నాన్నకి కాపలాకొచ్చావా?" అన్నాడతను.

"మీరూ రోజూ వస్తారా అంకుల్?"

"నా ఉద్యోగమే ఇది తల్లీ. కూర్చోడం, నవ్వడం, చేతులు తడపడం. నేనిక్కడున్నా అక్కడ మా మిషన్లు ఆగవుగా!"

ఆమె నాన్న చెవిలో, "మనమూ ఇచ్చేద్దాం నాన్నా" అంది.

"ఎప్పుడో ఇచ్చానే పిచ్చితల్లీ. వాళ్లు రోజూ ఇచ్చేవాళ్లు. మనం ఏడాదికోసారి కనబడేవాళ్లం. ఎవరి ఫైలు ముందు కదుల్తుందో నువ్వే చెప్పు."

బుధవారమూ ఆయన బెంచీ మీదే. ఆమెకు మనసాగలేదు. తనే గోటితో బ్లేడు తడిమింది, తిప్పి విన్నది. చప్పుడు అచ్చం నాన్న ఉన్నప్పటిలాగే అనిపించింది. "కొయ్ బాబాయ్" అంది మిషను తిప్పే ఆయనతో.

సాయంత్రానికి పెట్టెలు గుట్టపడ్డాయి. ఒక్కదానికీ మూత పట్టలేదు. వెంట్రుకవాసి తేడా.

షావుకారు పెద్ద కంపెనీకి వెళ్లిపోయాడు. శుక్రవారం లైసెన్సు వచ్చింది. నాన్న దాన్ని గోడకు తగిలించి, ఆమె తల నిమిరాడు. తిట్టినా బాగుండేది. రెండు నెలలకు మిషను అమ్మేశారు.

నాన్న పని కోసం పెద్ద కంపెనీకే వెళ్లాడు. బ్లేడు పని బాగా వచ్చని చెప్పుకున్నాడు.

"దానికి మనుషులున్నారండీ. మీకు లైసెన్సు ఆఫీసు అలవాటేగా?" అన్నారు.

ఇప్పుడూ ఆమె క్యారేజీ తీసుకెళ్తుంది, అదే వరండాకి. ఇస్త్రీ చొక్కాలో నాన్న. ఒళ్లో ఫైలు. గోరు దాని అంచును తడుముతూనే ఉంటుంది.

"ఇంకా ఎంతసేపు నాన్నా?"

"తొందరేముందమ్మా," అన్నాడాయన, "ఇప్పుడు నాకోసం ఆగిపోయేదేం లేదుగా."