శేషాద్రి గారి పదకొండు మేకలు

కావ్య పరిశోధన యూనివర్సిటీలోని గడ్డి, పొదలున్న నేల మీద. మనుషులు ఆ నేలను వాడుకునే తీరును బట్టి గడ్డి, నెమళ్లు ఎలా మారతాయో, అవి మారాక మనుషులేం చేస్తారో కంప్యూటర్‌లో మోడల్ కట్టాలి. గడ్డి లెక్క కుదిరింది. మనుషులే అంతుపట్టలేదు. అందుకని ఒక శనివారం మధ్యాహ్నం మనుషుల్నే డిపార్ట్‌మెంటుకి పిలిచి ఆట ఆడించింది.

ముగ్గురు కూర్చున్నారు. ఒకరు తార్నాకలో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు శేషాద్రి గారు. పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తూ, అక్కడ మేసే మేకల్ని తరిమేయమని ఇప్పటికి పద్నాలుగు అర్జీలు పెట్టిన మనిషి. రెండో మనిషి ఆ మేకల యజమాని, మాణికేశ్వర్ నగర్ సారలమ్మ. మూడోవాడు అటెండరు బిక్షం, టీ ఇవ్వడానికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

బల్ల మీద క్యాంపస్ మ్యాప్. ఆకుపచ్చ గుండీలు గడ్డి, చింతగింజలు మేకలు. ఏడాదికి ఒక్కో మేక ఒక్కో గుండీ తింటుంది, మిగిలినవి రెట్టింపవుతాయి. చీటీలు తీస్తే సారలమ్మకు ఆఫీసరు వేషం వచ్చింది, బిక్షానికి నెమలి. శేషాద్రి గారికి మేకల కాపరి!

"ఇది మార్చమ్మా," అన్నారాయన మొహం మాడ్చుకుని.

"చీటీ చీటీయే అంకుల్."

మొదటి ఏడాది రెండు మేకలతో బిడియంగా దిగారు. రెండో ఏడాదికి అయిదయ్యాయి. మేతకు అనుమతి అడిగితే సారలమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"కాయితం తెచ్చినవా? సంతకమేది? రేపు రా పో."

"నోరులేని జీవాలమ్మా! యాడ మేయాల అవి?" శేషాద్రి గారి నోట సీమ యాస దానంతటదే వచ్చేసింది.

మూడో ఏడాది కావ్య లెక్కపెడితే బల్ల మీద ఏడు మేకలు, ఆయన చొక్కా జేబులో నాలుగు.

"అవి నీడకు పడుకున్నాయి," అన్నారు.

నాలుగో ఏడాదికి గుండీ మిగల్లేదు. బిక్షం తన నెమలిని, అంటే పెన్ను మూతను, తీసుకెళ్లి కిటికీలో పెట్టాడు.

"మ్యాప్ ఇక్కడికే అయిపోయింది బిక్షం!"

"నెమలికి మ్యాప్ ఏం తెలుస్తది మేడం? దాక్కోనీకి గడ్డి లేకపాయె. మౌలాలి గుట్టకు పోయిన."

కావ్య నోరెళ్లబెట్టింది. రెండు నెలలుగా ఆమె మోడల్‌లో నెమళ్లన్నీ మ్యాప్ అంచుకు తల కొట్టుకుని చస్తున్నాయి. 'అంచు దాటి పోవచ్చు' అని గబగబా రాసుకుంది.

సారలమ్మ పగలబడి నవ్వింది. "గట్ల మేపితే ఏం మిగులుతది సారూ? ఒక దిక్కు మేపితే, ఇంకో దిక్కు ఇత్తనం నేలకు రాలేదాంక ఇడిచిపెట్టాలె. నేను గట్లనే చేస్త."

"ముందే చెప్పొచ్చు కదా!" అంది కావ్య.

"నేను ఆఫీసర్‌ను గద బిడ్డా. ఆఫీసర్‌కు గవన్నీ ఎట్ల తెలుస్తయి?"

మళ్లీ మొదట్నుంచి ఆడదాం, ఈసారి ఎవరి వేషం వాళ్లే కడదామంది కావ్య. శేషాద్రి గారు జేబు గట్టిగా పట్టుకున్నారు, మేకల్ని ఇవ్వలేదు. చేసేదిలేక సారలమ్మే ఆయన పక్కన కూర్చుని ఏ గడి వదలాలో చెప్పింది. తొమ్మిదో ఏటికి గడ్డి నిలిచింది. బిక్షం కిటికీలోంచి రెండు మూతలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆ రెండోది ఎవరు?"

"నా పెండ్లాం మేడం."

అయిదవుతుంటే సారలమ్మ అసలు మేకల్ని మళ్లేయడానికి లేచింది. చూసొస్తానంటూ శేషాద్రి గారూ వెంట నడిచారు. కావ్య కిటికీలోంచి చూస్తోంది. మంద రోడ్డెక్కగానే సాయంత్రం నడకకొచ్చిన పెద్దమనిషొకాయన ఆగి, "దారి నిండా ఈ మేకలేందండీ!" అని విసుక్కున్నాడు.

"జరుగు సామీ కొంచెం," అన్నారు శేషాద్రి గారు, "మేకలు వస్తా ఉండేది కనపళ్లా?"