రానివ్వలేదు

కాన్పుల ఆసుపత్రి ఇచ్చిన ఫైలులో చివరి పేజీ మీద ఒకే ఒక్క వాక్యం ఉంది: "జ్వరం వచ్చాక పేషెంట్ చెకప్‌కు రాలేదు."

ఆమె దాన్ని కౌంటర్ దగ్గర నిలబడే చదివి, పక్కనున్న అత్తగారికి చూపించింది. అత్తగారు ఇరవై ఏడేళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. గొంతెత్తితే చివరి సీటు దాకా వినబడుతుంది. ఆవిడ గొంతెత్తబోతుంటే కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దత్తయ్యా. ఇది నేనే అడగాలి."

మూడు వారాల క్రితం దాకా ఆమె యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కాజాలు వేసేది. ఎనిమిదో నెల నిండుతుండగా అక్కడ నలుగురికి కరోనా అంటుకుంది. ఆమెకీ వచ్చింది. భర్త లారీతో ఎక్కడో సరిహద్దు దగ్గర ఆగిపోయాడు. ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరే.

ఆమెను భయపెట్టింది జ్వరం కాదు, కడుపులో బిడ్డ మెదలకపోవడం. అంతకుముందు అన్నం తినగానే తన్నడం మొదలయ్యేది. "కండక్టరు వారసత్వం కదా, రైట్ రైట్ అంటోంది" అని అత్తగారు మురిసిపోయేది. రెండు గంటల్లో పది కదలికలు లెక్కపెట్టుకోమని, తగ్గితే ఫోన్ చెయ్యమని చెప్పింది ఈ కాన్పుల ఆసుపత్రి డాక్టరమ్మే.

సోమవారం ఆరు కదలికలే. ఆసుపత్రికి ఫోన్ చేసింది. "జ్వరంలో అంతేనమ్మా, ఎడమవైపు తిరిగి పడుకోండి" అన్నారు.

మంగళవారం నాలుగు. "పాజిటివ్ కదా? పద్నాలుగు రోజులయ్యాక నెగటివ్ రిపోర్టుతో రండి" అన్నారు.

బుధవారం పొద్దున రెండే. అత్తగారు కారు మాట్లాడి ఆ ఆసుపత్రికే తీసుకెళ్లింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి జ్వరం చూసే మిషను పెట్టి, పామును చూసినట్టు వెనక్కి గెంతాడు. ఆమె అక్కడినుంచే మూడోసారి ఫోన్ చేసింది. "లోపల వేరే గర్భిణులున్నారు, మా పరిస్థితి కూడా అర్థం చేసుకోండి" అంది అవతలి గొంతు. గేటు తెరుచుకోలేదు.

అటునుంచి అటే పెద్దాసుపత్రికి వెళ్లారు. స్కానింగ్ దాకా చేరేసరికి సాయంత్రమైంది. అక్కడి డాక్టరు తెరను అటు తిప్పేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆడపిల్లను కన్నది. పాప ఏడవలేదు.

"వైరస్ మాయను దెబ్బతీసిందమ్మా, బిడ్డకు ప్రాణవాయువు అందలేదు. అరుదుగా ఇలా జరుగుతుంది. కదలికలు తగ్గిన రోజే చూసుంటే..." ఆ డాక్టరు ఆగిపోయింది.

"చూసుంటే?"

"ముందే ఆపరేషన్ చేసి తీసేవాళ్లమేమో. బతికేదని ఖాయంగా చెప్పలేను."

మూడో రోజున పాలు పడ్డాయి. గుండెలకు గట్టిగా బట్ట చుట్టుకుని, పళ్లు బిగించి పడుకుంది. చిన్నవయసే కదా, మళ్లీ పుడతారులే అని చుట్టాలు ఫోన్లు చేస్తే అత్తగారే ఎత్తి, "మళ్లీ వస్తుందనడానికి ఇదేమన్నా బస్సా?" అని పెట్టేసింది.

ఇప్పుడు ఆమె ఫైలు పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

"రాలేదని రాశారు. నేను మీ గేటు దగ్గరే నిలబడ్డాను."

డాక్టరమ్మ చదివి కళ్లజోడు తీసింది. "అప్పటి పరిస్థితి నీకు తెలుసు కదమ్మా. మా స్టాఫులో ఇద్దరు పోయారు. మేమూ భయపడ్డాం."

"భయపడ్డారు. సరే, అదే రాయండి. నా మీద ఎందుకు రాశారు?"

"అది మామూలుగా రాసే మాట. దానివల్ల నీకొచ్చే నష్టమేంటి?"

"నష్టమా? ముందే ఎందుకెళ్లలేదని నా మొగుడే అడిగాడు. ఈ కాగితం చూస్తే లోకమంతా అదే అడుగుతుంది. మీరు లెక్కపెట్టమంటే పెట్టాను. పడుకోమంటే పడుకున్నాను. రాలేదు కాదండీ, రానివ్వలేదు! మధ్యలో ఆ రెండక్షరాలు ఎవరు మింగేశారు?"

"రికార్డు మార్చడం కుదరదమ్మా."

గుమ్మంలో కౌంటరమ్మాయి నిలబడి ఉంది, చేతిలో వచ్చిన ఫోన్లు రాసుకునే పుస్తకంతో. "మేడమ్, మూడుసార్లూ నేనే ఎత్తాను. ఇందులో రాసుంది. రావద్దని చెప్పమన్నది మీరే."

ఆ గొంతును ఆమె పోల్చుకుంది. జాలి కలగలేదు. "ఆరోజేమైంది నీ నోరు?" అంది. ఆ పిల్ల పుస్తకాన్ని తెరిచి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని మూడు తేదీలూ చూసింది. చివరికి ఫైలులో ఆ వాక్యం కింద రాసింది: "మూడుసార్లు ఫోన్ చేసింది. గేటు దాకా వచ్చింది. జ్వరం ఉందని లోపలికి రానివ్వలేదు." తేదీ వేసి సంతకం పెట్టింది.

ఆ కాగితం జతచేసి ఆమె ఆరోగ్యశాఖకు ఫిర్యాదు పంపింది. రెండు నెలలకు జవాబొచ్చింది. ఇకమీదట జ్వరమున్న గర్భిణులను వేరే గదిలో చూడాలని ఆ ఆసుపత్రికి ఆదేశమిచ్చారట. పాప గురించి "చింతిస్తున్నాం" అన్న ఒక్క మాట. బాధ్యులెవరో రాయలేదు.

"కాస్తయినా చల్లారిందా నీకు?" అని అడిగింది అత్తగారు.

"లేదత్తయ్యా."

"నాకూ లేదే."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ రెండో ఫిర్యాదు రాయడానికి కూర్చున్నారు.